మామ కట్టిన చీరల కంచె

బుధవారం. పొద్దుటి నుంచి ముసురు. మేకల కొట్టం మీద గాలికి లేచిన ప్లాస్టిక్ కవరు లాగి కట్టాను. మా పక్కింటి మామ నిన్న తెల్లవారుతుండగా చనిపోయాడు. నిన్ననే దహనం కూడా అయిపోయింది.

రోజూ చేసిన పనీ పెట్టిన ఖర్చూ రాసుకోవడం తప్ప నాకు రాత తెలియదు. మనిషి గురించి రాయడం ఇదే మొదలు. మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. మణుగూరు అవతల, అడవి అంచున మక్కజొన్న వేసేవాళ్లకు మాత్రం తెలుసు. నాకు మంచె కట్టడం నేర్పింది ఆయనే. “బెదిరియ్యాలె, సంపొద్దు అల్లుడా. పంది గూడ ఆకలికే వస్తది” అనేవాడు.

మా దగ్గర అడవి పందులు రాకుండా చేను చుట్టూ పాత చీరలు కడతాం. గాలికి కదిలే రంగులు చూసి అవి బెదురుతాయని నమ్మకం. చీరలకు బెదరని వాటి కోసం మంచె. మంచె మీద మామ, చేతిలో రాళ్లు విసిరే వడిసెల. కంకి పాలుపోసుకునే రోజుల్లో ఆయనకు నిద్ర ఉండేది కాదు. అలా నిద్రలేక ఉన్న ఒక సాయంత్రం, ఆయనకే అన్నం తీసుకుపోతున్న నా మోకాలికి రాయి తగిలింది.

“మామా, నేను! కొట్టకు!” అని అరిచాను.

“గిదేందిరో, పందులు గూడ మామా అంటున్నయి!” అని వడిసెలలో ఇంకో రాయి పెట్టాడు.

తర్వాత నా మోకాలికి పసుపు రాస్తూ కూడా తప్పు ఒప్పుకోలేదు. “చేనుల వంగి నడిచేటోనిదే తప్పు” అన్నాడు.

కొన్నేళ్ల కింద మతిమరుపు మొదలైంది. ముందు పలుగు పెట్టిన చోటు మరిచాడు. తర్వాత మనుషుల పేర్లు. ఆ తర్వాత ఇంటి చుట్టూ చీరలు కట్టడం మొదలుపెట్టాడు. అత్త పాత చీరలు అయిపోయాక ట్రంకుపెట్టె తీసి పట్టుచీర కూడా కట్టాడు.

“ఊరంత పందులకు పాతయి కడితే, మా ఇంటాయన పట్టుది కట్టిండు. పెండ్లికి పిలుస్తున్నడేమో వాటిని” అంది అత్త. ముక్కు చీదుకుంటూనే నవ్వింది.

ఖమ్మం తీసుకుపోయాం. డాక్టరు స్కానింగ్ చూసి అల్జీమర్స్ అన్నాడు. ఎందుకొచ్చిందని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలు ఉన్నట్టే మెదడులోనూ కాపలా కణాలు ఉంటాయట. చెత్త ఊడ్చడం, క్రిములను చంపడం వాటి పని. ఈ జబ్బులో అవి చెత్తను సరిగా తీయలేవట. పైగా ఎడతెగని వాపు పుట్టించి, పక్కనున్న మంచి కణాలనే దెబ్బతీస్తాయట. “ఇదొక్కటే కారణం కాదు. కానీ ఇదీ ఒక కారణమే” అన్నాడు.

నాకు నా మోకాలి మీది మచ్చ గుర్తొచ్చింది.

మామ అప్పటిదాకా ఫ్యాను చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి డాక్టరు వైపు తిరిగాడు. “మంచె మీదోళ్లకు నిద్ర లేదన్నట్టు. దింపుర్రి వాళ్లను.”

డాక్టరు నవ్వాడు. “అందర్నీ దింపితే అసలు పందులు వస్తాయి తాతా. లేనిపోని జ్వరాలన్నీ పట్టుకుంటాయి.”

“గట్లయితే మంచోళ్లను ఎక్కించుర్రి.”

“అలాంటి మందు కోసమే వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.”

“దొరికేదాక నేను కూసుంట” అని మామ లేచి డాక్టరు కుర్చీ వైపు నడిచాడు. పట్టి ఆపడం నా వల్ల కాలేదు.

అత్త చేతి ముద్ద తప్ప మామ తినేవాడు కాదు. ఆ అత్తనే ఒకరోజు కంచె దాటనివ్వలేదు.

“ఎవరమ్మా నువ్వు? మా ఆమె ఇంట్ల లేదు. వచ్చినంక రా.”

పొద్దున తినలేదు. మధ్యాహ్నం తినలేదు. నేను పెట్టిన ముద్ద ఊసేశాడు. అప్పటికే మనిషి ఎండిపోయి ఉన్నాడు. తిండి తప్పనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. నాకు తోచిన ఉపాయం ఆధార్ కార్డు. అత్త తెచ్చి చూపించింది. మామ దాన్ని దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు.

“ఈమె ఎవరో గాని, మా ఆమైతే కాదు.”

ఆ ఫొటో చూశాక నేనూ కాదనలేకపోయాను.

“నీ ఉపాయం పాడుగాను అల్లుడా!” అని అత్త పళ్లెం నా చేతిలో పెట్టింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని “హోయ్” అని పొడుగ్గా కూత పెట్టింది. పెళ్లికి ముందు వాళ్లిద్దరివీ పక్కపక్క మంచెలు. మేలుకొనే ఉన్నానని ఒకరికొకరు అలా కూత పెట్టుకునేవాళ్లు.

మామ తలెత్తాడు. “హోయ్, హోయ్” అని బదులిచ్చి, కంచెకు కట్టిన చీర అంచు పైకెత్తి పట్టుకున్నాడు.

“ఇంతసేపు ఏడవోయినవే? పందులు తిరుగుతున్నయి. జల్దీ లోపలికి రా.”

అప్పటి నుంచి ప్రతి పూటా అదే. ఆ కూతకు మా మేకలు కూడా బదులివ్వడం నేర్చుకున్నాయి. చివరికి గొంతు పోయాక మామ మంచంపట్టె మీద తట్టేవాడు. ఆ తట్టు వినిపించాకే అత్త లోపలికి పోయేది.

ఇవాళ మధ్యాహ్నం, “చీరలు నానుతున్నయి, విప్పు అల్లుడా” అంది. ఒక మూల నుంచి మొదలుపెట్టాను. పట్టుచీర ముడి విప్పుతుంటే ఆమె బోరింగు దగ్గర్నుంచి బిందెతో వచ్చింది. నేను విప్పిన మేర దారి తెరిచే ఉంది. అటు రాలేదు. ఎప్పుడూ ఆగే చోటే ఆగి, బిందె చంకలో ఉండగానే కూత పెట్టింది. కాసేపు నిలబడింది.

మా మేకలు బదులిచ్చాయి.

“మిమ్ముల పిలువలే” అని, తనే కంచె చీర అంచు ఎత్తుకుని వంగి లోపలికి పోయింది.

విప్పిన ముడులన్నీ మళ్లీ వేశాను. సాయంత్రం మేకలకు మేత వేశాను.