మా నాన్న పోవడానికని కొన్న ఇల్లు

పిల్ల పెళ్లి నాటికి ఉండాలని ఇల్లు కొన్నవాళ్లను చూశాను. ఇంటివాళ్ల పోరు పడలేక కొన్నవాళ్లనూ చూశాను. కన్నతండ్రి దర్జాగా కన్నుమూయడానికని ఇల్లు కొన్నవాణ్ణి మాత్రం సత్తెనపల్లి మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ పని ఎంత తెలివిగా చేశానంటే, ఆ ఇంట్లో పెట్టి ఆయన్ని ముందుగానే సగం చంపాను. మీకు నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. ఇన్నేళ్లకి నాకూ కాస్త నవ్వొస్తోంది.

ఎనభైల మొదట్లో, నాకు నలభై ఐదేళ్లప్పుడు, నేను, మా ఆవిడ వరలక్ష్మి, మా నాన్న ఖరగ్‌పూర్ నుంచి వచ్చాం. మావాళ్లు మా తాత రోజుల్లోనే రైలు పనికని అటు వెళ్లిపోయారు. నేను పనిచేసే చిన్న వర్క్‌షాపు మూతబడింది. సత్తెనపల్లిలో పత్తి మిల్లుకి ఫిట్టరు కావాలని ఎవరో చెబితే పెట్టె సర్దాను. తెలుగువాణ్ణే కదా, సొంత చోటికి పోతున్నాననుకున్నాను. నా తెలుగు విన్న మొదటి రోజే మిల్లులో నాకు ‘బెంగాలీ మేస్త్రీ’ అని పేరు పెట్టారు. అక్కడ నలభై ఐదేళ్లూ నన్ను మద్రాసీ అన్నారు. మనిషికి ఊరు లేకపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. రెండు వైపులా పరీక్ష రాసి రెండు వైపులా తప్పినవాణ్ణి నేను.

ఇల్లు అద్దెకివ్వడానికి అందరూ జంకారు. నా యాసకి కాదు, నా వెనక నిలబడ్డ మా నాన్నకి. డెబ్బై ఆరేళ్లు, ఆరడుగుల ఎత్తు, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. చివరికి శేషమ్మ గారని ఒకావిడ, భర్త పోయి ఒంటరిగా ఉంటోంది, రెండు గదుల వాటా చూపించింది.

“పెద్దాయనకి ఒంట్లో ఎట్లా ఉంటుంది?” అంది.

“కొంచెం ఆయాసమండీ. మందులు వాడుతున్నాం.”

“చూడండి మేస్త్రీ గారూ, తర్వాత మాటలొద్దు. ఇల్లిస్తాను. కానీ ఆయనకేదన్నా అయ్యేట్టుంటే ముందుగానే వరండాలోకి మార్చాలి. లోపల పోయి, ఆ నక్షత్రం కాస్తా మంచిది కాకపోయిందంటే నేను ఆర్నెల్లు ఇల్లు మూసుకోవాలి.”

మా నాన్న అక్కడే ఉన్నాడు. పడుకునే ముందు లైటు ఆర్పమని చెప్పినట్టు విని, “అలాగేనమ్మా, గుర్తుంచుకుంటాను” అన్నాడు.

ఆయన గుర్తుంచుకున్నాడో లేదో గానీ నేను మాత్రం ఒక్క రోజూ మరిచిపోలేదు. ఆయన దగ్గినప్పుడల్లా నా చూపు వరండా మీదికి పోయేది. ఒక ఆదివారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు టేపు తీసుకుని దాన్ని కొలిచాను కూడా. ఫిట్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? మా నాన్నని అడ్డంగా పడుకోబెడితే పాదాలు వీధిలోకి వస్తాయి. ఆ లెక్క తేలిన రోజు నాకు అన్నం దిగలేదు.

“సొంతిల్లు కొందాం” అన్నాను వరలక్ష్మితో.

“ఇప్పుడు మనకేం తక్కువైందండీ? నీళ్లున్నాయి, మిల్లు దగ్గర. మామయ్యగారికి పొద్దు గడుస్తోంది.”

అది నిజం. శేషమ్మ గారికి చదువు రాదు. రోజూ పొద్దున్నే మా నాన్న అరుగు మీద కూర్చుని ఆవిడకి పేపరు చదివి వినిపించేవాడు. ఆయన పలికే తీరుకి ఆవిడ మధ్యమధ్య అడ్డు తగిలేది. “అది ఊరి పేరు కాదు పెద్దాయనా, మనిషి పేరై ఉంటుంది, మళ్లీ చదవండి” అనేది. ఆయన బుద్ధిగా మళ్లీ చదివేవాడు. ఒక్కో వార్త గంటసేపు నడిచేది.

మా నాన్నతోనూ ఒకసారి కదిపాను. “ముప్పై ఏళ్లు క్వార్టర్స్‌లో ఉన్నానురా. నాది కాదని తెలిసే హాయిగా ఉన్నాను” అన్నాడు. మొహమాటానికి అంటున్నాడని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. ఇక ఆయన్ని అడగలేదు. మిల్లులో చెబితే దిష్టి తగులుతుందని అక్కడా చెప్పలేదు. శేషమ్మ గారికైతే అస్సలు చెప్పలేదు. ఊళ్లో నోరున్న ప్రతి మనిషినీ తప్పించుకుని, ఇల్లమ్మేవాడొక్కడి మాటే నమ్మి కొన్నాను. ఇంత జాగ్రత్త ఎవరు పడతారు చెప్పండి.

శ్రావణ మాసంలో చూశాను ఆ ఇంటిని, ఊరి చివర. మూడు గదులు, పెద్ద కిటికీలు. ఎదురుగా విశాలమైన ఖాళీ జాగా, నిండా పచ్చగడ్డి, మేస్తున్న రెండు మేకలు.

“ఈ జాగా ఎవరిదండీ?” అన్నాను.

“రైతులది. ఎవరూ ఇల్లు కట్టరు. మీకు జీవితాంతం గాలే గాలి” అన్నాడు ఇంటాయన.

“మరి ఊరికే వదిలేశారా?”

“సీజన్లో ఏవో ఆరబోసుకుంటారు.”

ఆ ‘ఏవో’ అన్న మాట దగ్గర నేను ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. వడ్లనుకున్నాను. సత్తెనపల్లిలో రెండున్నరేళ్లుగా ఉంటూ వడ్లనుకున్నాను. మిరపకాయల్ని నేను బస్తాల్లోనూ పచ్చడిలోనూ తప్ప ఇంకెక్కడా చూసినవాణ్ణి కాదు.

ఇల్లు మారే రోజు శేషమ్మ గారి దగ్గరికెళ్లి, ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట బయటపెట్టాను. “మా నాన్నకి ఇక మీ వరండాతో పని లేదండీ.” ఆవిడ నా మొహంలోకి చూసి, “మంచిది” అని లోపలికి వెళ్లిపోయింది. యుద్ధం గెలిచినట్టు రిక్షా ఎక్కాను. పక్కన మా నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. సంతోషం ఎక్కువై మాట రావడం లేదనుకున్నాను.

మాఘమాసం దాకా బాగానే ఉంది. ఒక పొద్దున కిటికీ తీస్తే ఎదుట జాగా అంతా ఎర్రగా పరిచి ఉంది. తివాచీలా ఉందని వరలక్ష్మిని పిలిచి చూపించాను కూడా. పదిగంటలకి ఎండెక్కింది, గాలి మొదలైంది. ‘జీవితాంతం గాలే గాలి’ అన్న మాటలో ఇంటాయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ గాలి ఆ కాయల మీదుగా తిన్నగా మా మూడు గదుల్లోకి వచ్చింది. మొదట నేను తుమ్మాను. తర్వాత వరలక్ష్మి. కాసేపటికి ఇద్దరం వంతులు మానేసి కలిసే తుమ్మడం మొదలుపెట్టాం. ఆడవాళ్లు పాతికమంది వచ్చి కూర్చుని తొడిమలు తీస్తుంటే ఇంకా ఘాటు లేచింది. తడి గోనెపట్టాలు కిటికీలకి కట్టాం. మొహాలకి తడి తువ్వాళ్లు చుట్టుకుని దారి దోపిడీవాళ్లలా అన్నం వండుకున్నాం. మా నాన్న మాత్రం తుమ్మలేదు. ఆయనకి తుమ్మేంత ఊపిరి లేదు. మంచం మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, గాలి కోసం పోరాడుతున్నాడు.

నేను బయటికి పరిగెత్తాను. పంచె పైకి కట్టి కాయలు తిరగేస్తున్న రైతుని పట్టుకున్నాను.

“ఇక్కడెందుకు పోశారండీ?”

“ఎక్కడ పోయమంటారు? మా తాత నాటి నుంచి ఇదే కల్లం.”

“ఎన్నాళ్లుంటాయి?”

“మావి పది రోజులు. తర్వాత మా బాబాయివి. ఆ తర్వాత పక్కూరివాళ్లవి. ఉగాది దాటుతుంది.” అతను నన్నూ నా తువ్వాలునీ చూశాడు. “ఆ ఇల్లు మీరే కొన్నారా? ఆయనెందుకు అమ్ముతున్నాడో అడగలేదా?”

అడగలేదు.

మూడోరోజు మా నాన్న నన్ను దగ్గరికి రమ్మన్నాడు. “ఒరేయ్, నన్ను శేషమ్మ గారింట్లో దించు.”

“ఏ మొహంతో వెళ్లమంటావు నాన్నా? అంత మాట అని వచ్చాక.”

“నువ్వన్నావు. నేననలేదు.”

సాయంత్రం దాకా ఆలోచించి చెబుతానని మిల్లుకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీ. “మీరు ఆలోచించుకుంటున్నారు కదా, ఈలోగా నేను రిక్షాలో దించి వచ్చాను” అంది వరలక్ష్మి. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆవిడ నన్ను అడక్కుండా చేసిన పని అదొక్కటే. నేను చేసిన పనులన్నిటికన్నా మంచిది కూడా అదే.

వెళ్లి చూస్తే పాత గదిలోనే ఉన్నాడు. మేం ఖాళీ చేశాక శేషమ్మ గారు ఆ వాటా ఎవరికీ ఇవ్వలేదట. నన్ను చూసి, “మేస్త్రీ గారూ, ఘాటు దిగేదాకా గుమ్మం బయటే ఉండండి, మీ బట్టల నిండా కారమే” అంది. అంతకన్నా ఏమీ అనలేదు. గట్టిగా నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

మేమూ మూటాముల్లె సర్దుకుని ఆ రెండు గదుల్లోకే వచ్చేశాం. కానీ ఆయన ఊపిరి తిరిగి దారిన పడలేదు. డాక్టరు గారు వచ్చిపోయేవారు, మందులు మార్చేవారు. మా నాన్న పేపరు చేత్తో పట్టుకునేవాడు, రెండు లైన్లకే ఆగిపోయేవాడు. మిగిలింది ఆవిడే ఊహించి చెప్పేది, ఆయన తలాడించేవాడు.

ఉగాది వెళ్లిన వారానికి ఒక పొద్దున ఆయన చూపు మారింది. డాక్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయారు. నేనూ పక్కింటాయనా మంచం చెరోవైపు పట్టుకుని లేపాం. మాటంటే మాటే కదా. గుమ్మం దాకా వచ్చేసరికి శేషమ్మ గారు అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికి?”

“వరండాలోకండీ. మీరు ముందే చెప్పారుగా.”

“దించండి.”

“నక్షత్రం—”

“దించమన్నాను.”

దించాం. ఆవిడ గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. “మా ఆయన పోయినప్పుడు మేమూ అద్దెకే ఉన్నాం. ఊపిరుండగానే వరండాలో పెట్టించారు. వాన జల్లు పడుతుంటే గొడుగు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఈ ఇల్లు కొనుక్కున్నాను. ఇంటివాళ్లంటే అట్లా చెప్పాలి కాబోలని మీకు చెప్పాను. ఆ పెద్దాయన అలాగేనమ్మా అన్న రోజు నుంచీ నాకు సిగ్గుగానే ఉంది. ఎట్లా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు.”

మధ్యాహ్నం మా నాన్న పోయాడు, గది మధ్యలో, ఫ్యాను కింద. పంతులు గారు లెక్క చూసి నక్షత్రం మంచిది కాదన్నారు. శేషమ్మ గారు ఇంటికి తాళం వేసి, మంగళగిరిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఆర్నెల్లూ నేనూ వరలక్ష్మీ మా సొంతింట్లో ఉన్నాం. అప్పటికి కాయలన్నీ ఎత్తేశారు. వానలు పడి జాగా మళ్లీ పచ్చబడింది. ఎంత చల్లటి గాలో చెప్పలేను. కిటికీ దగ్గర కూర్చుని ఆ గాలి పీలుస్తుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

తాళం తీశాక మేం మళ్లీ శేషమ్మ గారి వాటాలోకే అద్దెకి వచ్చాం. సొంతింటిని ఒక మిర్చి వ్యాపారి గోడౌనుకి తీసుకున్నాడు. మా నాన్న కోసమని నేను కట్టించిన కొత్త వెంటిలేటరు కింద ఇప్పుడు మిరపకాయ బస్తాలు సుఖంగా నిద్రపోతున్నాయి. ఊళ్లో సొంతిల్లుండి అద్దెకుండేవాడు ఎవడని అడిగితే చిన్నపిల్లలు కూడా మా వాటా చూపిస్తారు.

అందుచేత, చదువుతున్న మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఇల్లు కొనను. ఒకవేళ బుద్ధి గడ్డి తిని కొన్నా, అందులో ఊపిరి పీల్చవలసిన మనిషిని ముందు అడిగి, ఆయన సరేనంటేనే కొంటాను.

ఇది రాసి వరలక్ష్మికి చదివి వినిపించాను. ఆవిడ “ఇక అడగడానికి ఎవరున్నారండీ” అంది.