లింగయ్య ఒప్పుకోలు

1983 నవంబరు, షార్జాలో ఒక ఆస్పత్రి. హాజరైనవారు: సూడాన్ నుంచి వచ్చిన డాక్టర్ హాషిం, రోగి లింగయ్య, కార్మికుల క్యాంపులో అతని గదిలోనే ఉండే అంజయ్య, మల్లేశం, మందుల విభాగంలో పనిచేసే నేను. డాక్టరు మాటలను తెలుగులో చెప్పడం నా పని.

లింగయ్య జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. అతనికి అక్యూట్ ల్యుకేమియా, అంటే ఎముక మజ్జలో పుట్టి వేగంగా ముదిరే రక్త క్యాన్సర్. గుండె బలహీనం, పెద్ద మోతాదు కీమోథెరపీని తట్టుకోలేడు. అలాంటివారికి చిన్న మోతాదు సైటరాబిన్ ఇంజెక్షన్‌కు ఇంకో మాత్ర జతచేస్తే మేలుంటుందా అని అప్పట్లో పరీక్షిస్తున్నారు. ఒప్పుకోలు పత్రం మీద వేలిముద్ర అడిగితే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఏజెంటు కాడ ఒక్కన్నే ఏలుముద్ర ఏసి ఈడికొచ్చి పడ్డ సార్. ఈసారి నలుగుర్ల చెప్పుండ్రి.”

అందుకే అందరం కూర్చున్నాం. గుణం కనిపిస్తుందని మాట ఇవ్వలేమని, ఇష్టం లేకపోతే మధ్యలో మానుకోవచ్చని చెప్పాను.

“ఎప్పుడంటే అప్పుడు?”

“అవును.”

“ఇన్నవా అంజిగా, నువ్వే సాక్షి.”

“ఎడ్ల బేరమా మామా, సాక్షులు కావాలె?” అన్నాడు అంజయ్య. లింగయ్య నవ్వుతూ వేలిముద్ర వేశాడు.

చలికాలం గడిచేసరికి చిక్కిపోయాడు. మళ్లీ నలుగురినీ పిలిపించాడు. “ఖలాస్ సార్. నడిచే కాళ్లు ఉండంగనే ఇంటికి పోత.” డాక్టరు మందు ఆపేశాడు. వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తన దగ్గరున్న పాస్‌పోర్టు ఇచ్చాడు, గదివాళ్లు టికెట్ కొన్నారు.

ఆ తర్వాత ఎవరికి ఆ పత్రం చదివి వినిపించినా, వారికేం అర్థమైందో వారి నోటనే చెప్పించుకునేవాణ్ణి. లింగయ్య ఆ విమానం ఎక్కలేదు. ప్రాణంతో మరే విమానమూ ఎక్కలేదు.

టికెట్ కొన్న మర్నాడు పొద్దున, ప్రయాణానికని ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని మంచం మీద కూర్చున్నాడు. ముక్కుకు అడ్డం పెట్టుకున్న తువ్వాలు ఎర్రగా తడిసింది. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ప్రయాణానికి అనుమతి రాయలేనన్నాడు డాక్టరు.

“మందు ఆపిండ్రు గద సార్, ఇగ పంపుండ్రి. నలుగుర్ల చెప్పిన మాట గాదా?” అంజయ్య గొంతు పెంచాడు.

“ఊకో అంజిగా,” అన్నాడు లింగయ్య. “ఆల్లు మందు మానే ముచ్చట చెప్పిండ్రు. నేనే ఊరికి పోయే ముచ్చట ఇన్న.”

బూట్లు విప్పకుండానే గోడవైపు తిరిగి పడుకున్నాడు.