యేసన్న సాక్ష్యం, అక్కమ్మ కడుపుమంట

కుందుర్పి దగ్గరి పల్లెలో కూలి పనికి పోయే అక్కమ్మకు మొగుడి మీద అసూయ. అతను తాగినన్నాళ్లూ లేనిది, తాగుడు మానేశాక పుట్టింది. తాగి తాగి చావు దాకా పోయి బతికి వచ్చిన యేసన్న ఇప్పుడు ఆదివారం ఆదివారం చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెబుతాడు. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. మొన్న పామిడి చర్చి నుంచి కూడా పిలుపు వచ్చింది. అన్నేళ్లూ ఎండలో కలుపు తీసి పిల్లల్ని సాకిన అక్కమ్మను మాత్రం ఒక్కరూ మైకు దగ్గరికి రమ్మనలేదు. ఏ పాపమూ చేయని ఆడది ఏం చెబుతుంది, ఎవరు వింటారు!

నిన్న మధ్యాహ్నం టీవీలో పాత సినిమా వచ్చింది. చచ్చి నరకానికి పోయిన ఒక పాపాత్ముణ్ణి, మారి చూపించమని యముడు మళ్లీ భూమ్మీదికి పంపుతాడు. చూడవచ్చిన ఇరుగుపొరుగు పడీ పడీ నవ్వుతున్నారు. అక్కమ్మ ఒక మూల కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది.

"అచ్చం నా కథే ఇది," అన్నాడు యేసన్న.

"అవునన్నా, నీది శానా గొప్ప బతుకు," అంది పక్కింటి ఎలిజబెత్.

అక్కమ్మ చేటను పక్కకు తోసింది.

"నేను గూడా కొన్నేండ్లు తాగి తిరిగింటే బాగుండు. నాకూ మైకు ఇస్తాండిరి."

"గమ్మునుండు, సినిమా చూడనీ," అన్నాడు యేసన్న.

"నేనూ చూస్తానే ఉండా. యముడు వాన్ని ఎనక్కి పంపినాడు, బాగుండాది. వాని పెండ్లాన్ని ఒక్క మాటన్నా అడిగినాడా, ఈ మనిషి నీకు మళ్లా కావాల్నా అని?"