యారాడ పైడమ్మకి ఇచ్చిన తిన్నని కర్రలు

కొంచెం దగ్గరకి జరిగి కూర్చోండి. తిన్నని కర్ర ఎలా ఏరుకోవాలో చెబుతాను, నేను పొరబడిన సంగతి కూడా చెబుతాను.

కరోనా తగ్గిన మరుసటి ఏడు. ఆటోనగర్‌లో మా కర్రల డిపో. మా ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. చదివింది మూడో తరగతే గానీ, ఏ కర్ర ఏ లారీలో దిగిందో ఇప్పటికీ చెప్పగలను. ఒకరోజు పొద్దున్నే యారాడ నుంచి నూకరాజు అనే ఆయన వచ్చాడు, సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. భార్య పైడమ్మకి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయిందట. ఇంట్లో రెండు పక్కలా గోడలకి కర్రలు బిగించి, వాటిని పట్టుకుని రోజూ నడవమన్నారట ఆసుపత్రిలో. ఆలస్యం చేస్తే కాలు ఇక రాదన్నారట.

"వడ్రంగిని పెట్టుకోరాదా తమ్ముడా?"

"దాని కర్రలు నానే బిగిత్తానప్పా. పడవలు బాగుసేసిన సెయ్యిది."

ఏరుకోమన్నాను. తిరిగి తిరిగి, కొడవలిలా వంపున్న రెండు కర్రలు భుజాన వేసుకొచ్చాడు.

"ఇయ్యేటి? నీ పెళ్ళాన్ని గుండ్రంగా తిప్పుతావేటి?"

సిగ్గుపడి నవ్వాడు. "పడవ లోపలికి వంపు కర్రే కావాలప్పా. ఇన్నేళ్ళూ వంపునే ఎతికిన కళ్ళు."

అప్పుడు చూపించాను. కర్ర ఒక కొస కంటి దగ్గర పెట్టి, రెండో కన్ను మూసి, అవతలి కొసదాకా చూడాలి. అంచు దారం లాగినట్టుండాలి. నాలుగంచులూ తిప్పి చూడాలి. అలా పదడుగులవి రెండు ఏరి ఇచ్చాను.

మూడు వారాలకి మళ్ళీ వచ్చాడు. కోప్పడి ఉంటే బాగుండేది, కోప్పడలేదు.

"కర్రలు ఒంగిపోనాయప్పా. నాలుగడుగులేత్తంది అనుకునేసరికి, నిన్న ఒకటి మరలు ఊడదీసుకుని గోడ వదిలేసింది. పైడమ్మ పడిపోనాది. దెబ్బ తగల్లేదు గానీ, నాను ఇంక నడవనొల్లను అంటంది."

నేనిచ్చింది అప్పుడే కోసిన పచ్చికర్ర, ఆరేకొద్దీ ఒంగుతుంది. సీజన్ అవ్వాలి, అంటే నీడలో, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, నెలల తరబడి ఆరనివ్వాలి. నాకు తెలుసు. ఆయన తొందర చూసి, తిన్నగానే ఉంది కదా అని ఇచ్చేశాను.

షెడ్డంతా వెతికితే, వన్‌టౌన్‌లో కూల్చిన పాత ఇంటి టేకు దూలం ఒకటి దొరికింది. చెంపకి ఆనించి చూశాను. పచ్చికర్రయితే చల్లగా తగులుతుంది. ఇది తగల్లేదు. మేకులు పీకించి, సామిల్లులో రెండుగా కోయించి, చెయ్యి గీరుకోకుండా చిత్రిక పట్టించి, ట్రాలీ ఆటోలో నేనే యారాడ తీసుకెళ్ళాను.

నూకరాజు కర్రలు బిగిస్తున్నంతసేపూ పైడమ్మ గోడవైపు తిరిగి పడుకునే ఉంది. మంచం మీద కూర్చున్నాను.

"ఆ కర్రలు ఏరింది నానేనమ్మా. నీ మొగుడి తప్పేం లేదు."

ఇటు తిరిగింది. "అయ్యో, మూడు పూట్ల నుంచీ ఆయన్నే తిడతన్నాను."

"ఇక మీదట నన్ను తిట్టు."

మూతి ఒక పక్కే కదిలింది, కానీ నవ్వింది. ఎడంచేత్తో కర్రని తడిమింది. "ఇదీ ఒంగుద్దేటి?"

"ఇది ఒంగే ఈడు దాటిపోయింది తల్లీ."

లేచి నిలబడింది. "నువ్వు నా ముందుండు. పడితే నీ మీదే పడతాను" అంది మొగుడితో. ఆయన వెనక్కి వెనక్కి అడుగేస్తుంటే, ఆవిడ ముందుకు ముందుకు వేసింది. ఆగి ఆగి, గుమ్మందాకా వచ్చింది. ఒడ్డున ఖాళీగా ఉన్న తమ పడవని చూసి కేకేసింది.

"వేటకెళ్ళటం మానేసినావేటి? ఎన్నాళ్ళయింది?"

నూకరాజు తల దించుకున్నాడు. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

ఆ రోజు నుంచీ ఎవరు కర్ర అడిగినా, ఇవాళ తిన్నగా ఉందా అని ఒక్కటే చూడను. ఎన్నాళ్ళు ఆరిందో చెప్పి, ఆరనిది ఎంత బతిమాలినా ఇవ్వను. మీరూ అడిగి తీసుకోండి.

మీ ఇంట్లో పడినవాళ్ళు లేవాలి, లేచినవాళ్ళు గుమ్మం దాటి తిరగాలి. చల్లగా ఉండండి తల్లీ.