గురుసామి ముళ్ళచెట్టు

సత్రపట్టి ఊరి నేతగాడు గురుసామి ఆస్పత్రుల్లో గాయాలకు చుట్టేదానికని నేసిన కట్టుగుడ్డ విప్పుకుంటూ పోతే మదురైకి పోయి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది. అంతటి మనిషి ఇప్పుడు ఆరిపోయిన బీడీ పీలుస్తూ, డబ్బాలో పిడికిలంత ముళ్ళచెట్టు పెట్టుకొని, కనబడిన ప్రతివాణ్ణీ "దీని పేరేంది?" అని అడుగుతాడు. బెండకాయలకని సంతకు పోయిన భార్య సంతానలక్ష్మి చూడగానే ముచ్చటపడి కొనేసింది దాన్ని. అమ్మినవాడికే పేరు తెలీదు. ఆస్పత్రికి పోయే జట్కా ఎక్కుతూ, "నేను తిరిగి వచ్చేలోపల పేరు కనుక్కోని పెట్టు" అనింది. ఆస్పత్రిలోనే కన్నుమూసింది.

రాజపాళయం టీ అంగడిలో రోజూ టీ తాగే కుర్రోడు రాజగోపాలన్ ఆ మాటకు నవ్వినాడు. "ఏం మామా, పేరు తెలిస్తే బడిలో చేరుస్తావా? గిల్లి చూస్తే పోలా! పాలు కారితే జెముడు." గురుసామి వద్దనేలోపలే గోటితో గిల్లినాడు. తెల్లటి పాలు కారినాయి. "జెముడే మామా, ఏదో కొత్త రకం. ఇంక ఎవరినీ అడగబల్లేదు!" గురుసామి మొలలోనుంచి కట్టుగుడ్డ పేలిక తీసి, ముళ్ళు గుచ్చుకుంటున్నా ఆ గాయానికి మెల్లగా చుట్టినాడు. "అడగకుంటే ఆమె కోసం ఇంకేం చేసేదిరా?" అన్నాడు. మరునాడు పొద్దున మళ్ళీ అదే అంగడికి వచ్చి, కట్టు కట్టిన చెట్టును బల్ల మీద పెట్టినాడు. "రేయ్, దీని పేరేంది?" రాజగోపాలన్ చేతిలోని గ్లాసు కింద పెట్టినాడు. "తెలీదు మామా. కొండ దిక్కు వాళ్ళని అడిగి చూడు."