బీరయ్య మిక్సర్‌కు బొట్టు

మా నాంపల్లి గల్లీలో డీజే బీరయ్య మిక్సర్‌కు ఉన్నంత ఓపిక బీరయ్యకు లేదు. అబిడ్స్‌లో చవగ్గా దొరికిందని కొన్నాడు. అది బండి మీదనుంచి పడింది, వానలో తడిసింది. ఒక పెళ్లిలో దాని నెత్తిన బగారన్నం వండిన గంజు కూడా పెట్టారు. అయినా చావలేదు. అలాగని తిన్నగా పనిచేసిన రోజూ లేదు. పక్కన ఒక్కటి చరిస్తేనే ఎడమ స్పీకరు పలుకుతుంది. ఊడిపోయిన ఒక మీటకు బదులు టూత్‌పేస్టు మూత తిరుగుతుంటుంది.

"కొత్తది కొనరాదే," అన్నాను ఒకసారి.

"దీని మనసు నాకెరుక, నా మనసు దీనికెరుక," అన్నాడు. భార్య సమ్మక్క గురించి ఆ మాట ఏనాడూ అన్నవాడు కాదు.

అతని ఇల్లు గడిచేది గల్లీ చివరి ఫంక్షన్ హాల్ పెళ్లిళ్ల మీదనే. ఆ హాలు మేనేజరు సురేందర్‌కు ఈ డబ్బా అంటే ఒళ్లు మంట. "ఈసారి గిట్ల బందైతే వేరేటోన్ని పిలుస్త," అని దసరా ముందే తెగేసి చెప్పాడు.

ఆయుధపూజ రోజు సమ్మక్క మిక్సర్‌ను పీట మీద కూర్చోబెట్టింది. మీట మీటకూ పసుపు, కుంకుమ పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు ధారాళంగా చల్లింది. "ఇయ్యాల దీన్ని ముట్టొద్దు," అంది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టరు కదా. బీరయ్య ముట్టలేదు. లోపల కుంకుమ, కొబ్బరినీళ్లు కలిసి హాయిగా గట్టిపడ్డాయి.

మర్నాడు సాయంత్రమే పెళ్లి ఊరేగింపు. పెళ్లికూతురి మేనత్త సునంద వచ్చి బతుకమ్మ పాట పెట్టమంది. పెళ్లికొడుకు బాబాయి కరుణాకర్ తీన్మార్ అన్నాడు. మిక్సర్‌లో అడ్డంగా జరిగే మీట ఒకటుంటుంది. ఎడమకు జరిపితే ఒక పాట, కుడికి జరిపితే ఇంకోటి, నడుమ ఉంటే రెండూ. అది నడుమనే అంటుకుపోయింది. రెండు పాటలూ ఒక్కసారే మోగాయి.

బీరయ్య నెట్టాడు, గుంజాడు, చరిచాడు. చరిచినందుకు ఎడమ స్పీకరు ఇంకా గట్టిగా పలికింది. సురేందర్ హాలు మెట్లు దిగి వస్తున్నాడు. "పొట్ట కొట్టినవు గదనే సమ్మక్కా," అని బీరయ్య గొణుక్కున్నాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

అంతలో సునంద చప్పట్లు మొదలుపెట్టింది. ఆడవాళ్లు గుండ్రంగా తిరిగారు. ఆ గుండ్రం నడుమ కరుణాకర్ వాళ్లు ఎగిరారు. మా పాట పెట్టారంటే మా పాట పెట్టారని రెండు పక్షాలూ మురిసిపోయాయి.

"గిదేందిరా?" అన్నాడు సురేందర్.

"రెండు దిక్కులోళ్లకు ఒక్కసారే మర్యాద సారూ," అన్నాడు బీరయ్య, చెమట తుడుచుకుంటూ.

తెల్లారి బుద్ధిమంతుడిలా మిక్సర్‌ను బాగు చేయించి తెచ్చాడు. మీట వెన్నలా జారుతోంది. అప్పుడే సురేందర్ ఫోను: "వచ్చే పెళ్లోళ్లకు గా రెండు పాటలదే కావాలంట. లేకుంటే నువ్వు రాకు."

రెండు పాటలూ తనే సరిగ్గా కలపబోయాడు బీరయ్య. అలవాటైన చెయ్యి మీటను అటో ఇటో తోసేస్తోంది. చివరికి మొజంజాహీ మార్కెట్‌కు పోయి కొబ్బరికాయ తెచ్చాడు. పీట వాల్చి, మిక్సర్‌ను కూర్చోబెట్టి, సమ్మక్కను పిలిచాడు.

"ఇయ్యాల దసరా గాదు గదా," అంది సమ్మక్క. "దాని మనసు నీకెరుకనే గద, నువ్వే పెట్టుకో."

బీరయ్య కుంకుమ భరిణె ఆమె చేతిలో పెట్టాడు.

"నాకేం ఎరుక లేదు," అన్నాడు. "నీ చెయ్యి తగిల్తెనే అది మాటింటది."