ఒకే చెంబుతో మూడు నీళ్ళు

అమ్మకు బాగాలేదన్న కబురు నాకు మొదట తెచ్చినవాడు మా ఊరి టమోటా వ్యాను నడిపే ఆయన. ఉద్దనపల్లి నుంచి తెల్లవారుజామునే హోసూరు మార్కెట్టుకు సరుకు తెచ్చి, తిరిగి పోయేటప్పుడు మా గేటు ముందర బండి ఆపాడు. కాఫీ తాగకుండా ఎన్నడూ కదలని మనిషి ఆ పొద్దు లోపలికి రాలేదు.

"అక్కా, మీ అమ్మోళ్ళ ఇంట్లో తల్లి వచ్చిండాది. వాకిట్లో వేపాకు కట్టిండారు," అన్నాడు బయటే నిలబడి.

"ఎవురికప్పా? అన్న పిల్లోళ్ళకా?"

"లేదక్కా, పెద్దమ్మకే. నీకు చెప్పొద్దనిందంట. నీ ఇంట్లో పసిబిడ్డ ఉండాది కదా. నేను చెప్పినానని మాత్రం అనాకు, నన్ను చంపేస్తాది."

నా కూతురు పురిటికి వచ్చి ఉన్న రోజులవి. బిడ్డను దాని చేతికిచ్చి, చీర మార్చుకుని, ఆయన వ్యానులోనే ఎక్కాను. వెనక ఖాళీ క్రేట్లు గడగడమంటుంటే ఆయన దారిపొడుగునా ఒకటే గొణుగుడు. "చెప్పాకు అంటే నా బండే ఎక్కితివి కదక్కా."

మా పక్క తల్లి వచ్చిందంటే ఒంటి మీద అమ్మవారు పోసిందని అర్థం. ఆ పొక్కులను పొక్కులనరు, ముత్యాలంటారు. ఆ ఇంట్లో తాలింపు వేయరు, గట్టిగా మాట్లాడరు. బయటివాళ్ళు గడప తొక్కరు. వేపాకు, పసుపు కలిపిన నీళ్ళు కొన్ని రోజుల ఎడంతో మూడుసార్లు పోస్తారు. ఆ మూడో నీళ్ళు పడేదాకా ఆ మనిషి ఇల్లు దాటకూడదు. మధ్యలో ఆసుపత్రికి తీసుకుపోతే ఇంటికొచ్చిన తల్లిని తరిమినట్టని మావాళ్ళ నమ్మకం.

అట్లాంటి ఇళ్ళలోకి పిలవకుండానే పోయే మనిషి మా అమ్మ. చిన్నతనంలోనే తనకు పోసి తగ్గింది కాబట్టి భయం లేదనేది. ఎవరి ఇంటికి తల్లి వచ్చినా చల్ల అంబలి కుండ చంకన పెట్టుకుని బయలుదేరేది. వేపాకు పరిచి పక్క వేసేది, గుడ్డలు ఉతికేది, దురదకు ఏడ్చే పిల్లల చేతులు పట్టుకుని కథలు చెప్పేది. ఆ ఇంటివాళ్ళది ఏ కులం, మనకు మాటలున్నాయా లేవా అని చూసేది కాదు. ఇంకే జ్వరమైనా, పురుడైనా తానే ఆటో పిలిపించి డాక్టరు దగ్గరకు తీసుకుపోయేది. అమ్మవారి విషయంలో మాత్రం ఆమెకు వేపాకే మందు.

నాకు కాలు బాగాలేక బడికి పోలేదు. అమ్మే నాకు బడి. చేటలో రాగిపిండి పరిచి అక్షరాలు దిద్దించేది. సగంలో ఎవరో వచ్చి వాకిట్లో నిలబడి "అమ్మా, మా ఇంట్లో..." అనేవాళ్ళు. చేట నా ఒళ్ళోకి తోసి లేచిపోయేది. తిరిగి వచ్చాక అలసటగా ఉన్నా ఆ అక్షరం పూర్తి చేయించందే పొయ్యి వెలిగించేది కాదు. నా అక్షరాలన్నీ చివరకు సంగటయ్యేవి. ఈ రోజు నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది మా అమ్మ పెట్టిన భిక్ష. దేవుడికి దండం పెట్టినప్పుడల్లా ముందు ఆ చేటకు పెట్టుకుంటాను.

నేను పోయేసరికి అమ్మ వేపాకు మీద పడుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఊపిరి పరుగెత్తి వచ్చినదానిలా ఉంది. వదిన నా కాళ్ళ మీద పసుపునీళ్ళు చల్లి లోపలికి పంపింది.

"ఎవుడు చెప్పినాడే నీకు? ఆ వ్యానోడేనా?" అంది అమ్మ. అంత జ్వరంలోనూ అదే గొంతు.

చేయి పట్టుకుని చూశాను. ముత్యాలు లేవు. చర్మం కింద ఎర్రటి మచ్చలు మాత్రం చదునుగా పరుచుకుని ఉన్నాయి. ముత్యమంటే లోపల నీరుంటుందని నాకు చెప్పింది ఆమే. ఒకసారి వచ్చినాక మళ్ళీ రాదని ఊరందరికీ చెప్పిందీ ఆమే.

"అమ్మా, ఇది తల్లి కాదు. వేరే జరమేదో. ఆస్పత్రికి పోదాం లెయ్."

ఆమె మొహం చిన్నబోయింది. "అట్ల అనాకు పాపా. ఇన్నేండ్లు ఊళ్ళో అందరిండ్లల్లో తల్లికి చేసినాను. ఇప్పుడు నా ఇంటికే వచ్చిండాది. ఏ రూపంలో వస్తే ఏమి? నేను తరిమేదా?"

నేనూ ఆ తల్లిని నమ్మినదాన్నే. అన్న దగ్గరకు పోతే తలవంచుకున్నాడు. "ఊరికంతా నేమం చెప్పింది అమ్మ. అమ్మే వద్దంటే నేనెట్ల ఎత్తుకుపోయేది? రేపేమన్నా అయితే నన్ను బతకనిస్తారా?" వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి అమ్మ నన్ను చూసి వదిన పేరు పెట్టి పిలిచింది. ఇక ఆ పూట దాటితే అమ్మ దక్కదని నాకు తోచింది. కాలీడ్చుకుంటూనే మారెమ్మ గుడికి పోయాను.

ఆ గుడిలో దీపం పెట్టే పూజారమ్మ ఒంటరి ఆడమనిషి. ఆమెకూ మా అమ్మకూ ఏండ్లుగా పడదు. పండగకు ఊరంతటికీ అంబలి కాచేది మా అమ్మ. "నీ అంబలి తాగి తల్లికే దప్పిక అయితాది, అంత ఉప్పు," అని ఆమె అంటే, "నీ పాట విని తల్లి లేచి పోకుండా ఉండేదానికే ఉప్పేసినాను," అని ఈమె అనేది. పోయి విషయం చెప్పాను. తలుపుకు తాళం వేసి, రాగి చెంబు తీసుకుని నా వెంట వచ్చింది.

వాకిట్లోకి రాగానే గొంతెత్తింది. "ఏమ్మా పెద్దదానా, ఇంగా ఎన్ని దినాలు తల్లిని నీ ఇంట్లో కట్టేసుకుంటావు? ఆడ గుళ్ళో నాకు పని లేకుండా పాయ."

అమ్మ పెదవులు కదిలాయి. నవ్వింది. "నీకుండే పనే నిద్రపోయేది."

"ఆ నిద్రలోనే తల్లి వచ్చి చెప్పె. నేను ఆ ఇంట్లోనుంచి బయలెల్లినాను, దాన్ని ఆస్పత్రికి పొమ్మను, అని."

"మూడు నీళ్ళు పడలేదే..."

"పడతాయి ఉండు."

చెంబులో నీళ్ళు తెప్పించి పసుపు, వేపాకు వేసింది. అమ్మ పాదాల మీద కొంచెం వంచింది. "ఇది ఒగటి." మళ్ళీ వంచింది. "ఇది రెండు." మిగిలినదంతా ఒక్కసారిగా పోసింది. "ఇది మూడు. అయిపాయ. లెయ్."

వాకిట్లో చేరిన జనం అదంతా చూస్తూనే ఉన్నారు. అమ్మ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత అన్న భుజం కోసం చేయి చాచింది. గడప దాటేటప్పుడు లోపలికి తిరిగి దండం పెట్టింది.

హోసూరులో చూసిన డాక్టరు కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడ బాగా చూసుకున్నారు. ఆ నర్సమ్మల చేతులకు నా దండాలు. ఇది అమ్మవారు కాదని, రక్తంలోకి పాకిన విషజ్వరమని చెప్పారు. మధ్యలో రెండు మూడు రోజులు అమ్మ తేరుకుంది. పక్క మంచంలో డెంకణికోట అడవి పక్క పల్లె నుంచి వచ్చిన కన్నడామె ఉండేది. ఆమె చెప్పేది నర్సుకు అర్థమయ్యేది కాదు. సూది గుచ్చిన చేయి ఎత్తి అమ్మ అరవంలో చెప్పేది. "నడుమునొప్పి కాదంట సిస్టర్, మూత్రం మంట అంటాది." నన్ను ఆమెకు గంజి తెమ్మని తరిమేది. "నా కాడ కూసోని ఏం చేస్తావు? ఆమెకు ఎవురూ రాలే."

ఆ తర్వాత జ్వరం మళ్ళీ తిరగబడింది. అమ్మ ఇంటికి రాలేదు.

ఊరంతా వచ్చింది. ఆమె గుడ్డలుతికిన ఇళ్ళవాళ్ళు, ఆమె కథలు విన్న పిల్లలు పెద్దవాళ్ళై వచ్చి ఏడ్చారు. ఆ ఏడుపులోనే ఒక మాట పుట్టింది. మూడు నీళ్ళు ఒకే చెంబుతో పోస్తే తల్లికి కోపం రాదా, అని. ఎండలు ముదిరి నాలుగిళ్ళలో నిజంగానే అమ్మవారు పోస్తే ఆ మాట గట్టిపడింది. పండగకు ముందే పూజారమ్మ దగ్గర గుడి తాళం తీసుకున్నారు. తంబిట్టు దీపాల ఊరేగింపులో ముందు దీపం ఎత్తే హక్కు వేరేవాళ్ళకిచ్చారు. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసే ఆ దీపాన్ని ఆమె అత్త కాలం నుంచీ వాళ్ళింటివాళ్ళే ఎత్తేవాళ్ళు. "పెద్దమ్మను డాక్టరు కాడికి పంపింది ఆమే కదా, డాక్టరునే దీపం ఎత్తమను," అని ఎవరో అంటే జనం నవ్వారు. అన్న అడ్డం చెప్పాడు, ఎవరూ వినలేదు.

నేను ఆమె ఇంటికి పోయి అడిగాను. "తల్లి నిజంగా చెప్పిందా అత్తా?"

ఆమె చింతపండు గింజలు తీస్తూ ఉంది. తల ఎత్తలేదు. "చెప్పిందంటే నా మొగం చూసి నమ్మలేవు. చెప్పలేదంటే మీ అమ్మ మోసపోయి పాయనని ఏడుస్తావు. అడగాకు పాపా."

నాకు ఇప్పటికీ తెలియదు. పొద్దున దీపం పెట్టేటప్పుడు ఆ ప్రశ్న వస్తుంది, జవాబు రాదు. ఆమె ముందే వచ్చి ఉంటే అమ్మ బతికేదేమో. అసలు రాకపోతే అమ్మ మంచం పక్కన ఆ రెండు మూడు రోజులైనా నాకు దొరికేవి కావు. ఇంతమంది మేలు పొందిన ఊళ్ళో, అమ్మ కోసం తన పేరు పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే.

మా అమ్మను తలుచుకునేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఆమెకు లోటు లేదు. ఇది చదివినవాళ్ళు మీ ఊరి అమ్మవారి ముందు దీపం పెట్టేటప్పుడు, గుడి తాళం పోయి గోడ బయట కూర్చుని ఊరేగింపు చూసే మా పూజారమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆమె బాగుండాలని అడగండి.